తెల్లవ్వతో శుక్రవారపు నడకలు

మొన్న శుక్రవారం పొద్దున దోహాలోని అల్ మన్సూరాలో మా ఫ్లాట్‌లో నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. నా కూతురు ఎదురుగా కూర్చుని ఫోన్‌లో వేసవి సెలవుల ప్రయాణం చూసుకుంటోంది. ఈసారి పిల్లాణ్ణి తీసుకుని ఇంగ్లండు వెళ్ళాలని భార్యాభర్తలిద్దరూ అనుకుంటున్నారు. పెద్ద పట్నాలు వద్దట, ఏదైనా పల్లెపట్టున కొన్నాళ్ళు ఉండాలట. వారంవారం అంగడి జరిగే ఒక చిన్న ఊరి గురించి ఎవరో రాసింది దొరికితే పైకి చదవడం మొదలుపెట్టింది. ఆ ఊరి చుట్టూ పొలాల మధ్య పిల్లాపాపలతో నడవడానికి బాటలున్నాయి. ఒకటి వాగు వెంట పోతుంది, దాని మీద పిల్లల బండి తోసుకుపోవచ్చు. ఇంకోదాంట్లో కంచెలు దాటడానికి చెక్కమెట్లు ఎక్కాలి, ఆవులుంటాయి, తీసిన గేటు మళ్ళీ మూసి పోవాలి. ఏ బాట పట్టినా చివరికి అంగడి వీధిలో టీ దుకాణం దగ్గరే తేలతారు.

తర్వాత ఆ ఊరి పేరు చదివింది. నా చేతులు ఆగిపోయాయి.

"వాగు బాట చలికాలంల మునుగుతది. గప్పుడు గుట్ట మీది బాట పట్టాలె" అన్నాను.

కూతురు తలెత్తి చూసింది. నేను ఇన్నేళ్ళూ ఖతర్‌లో నర్సుగా చేశాను, ఈమధ్యే మానేశాను, కానీ ఇంగ్లండు గడప తొక్కినదాన్ని కాదు. ఆ సంగతి దానికి తెలుసు. నీకెట్ల తెలుసని అడిగింది. చిన్నప్పుడు ఒక చలికాలమంతా ఆ ఊరి కబుర్లు వింటూ ఇక్కడికి దక్షిణాన ఉన్న మెసయీద్‌లో నడిచానని చెప్పాను. ఆ పూట కూర ఆలస్యమైంది. అయినా చెప్పవలసింది సగమే చెప్పానేమో అనిపించి, మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

ఉత్తర తెలంగాణలో మా పల్లె. నేను పాకే వయసులో బాపు గల్ఫ్‌కు వెళ్ళాడు. మా ఊళ్ళో గల్ఫ్ అంతా దుబాయే. బాపు ఎక్కడని ఎవరడిగినా "దుబాయిల ఉన్నడు" అనడం నేర్పించారు నాకు. ఆకాశంలో విమానం చప్పుడైతే మా నాయనమ్మ పని ఆపి, "గదిగో, మీ బాపు పోతున్నడు, చెయ్యి ఊపు" అనేది. వాకిట్లో నిలబడి రెండు చేతులూ ఊపేదాన్ని. బాపు రోజూ మా ఇంటి మీదుగా ఎటో పోతూనే ఉంటాడని, దిగడానికి మాత్రం ఆయనకు తీరదని చాలాకాలం నమ్మాను.

ఒకసారి దిగాడు. లీవు మీద వస్తున్నాడని అమ్మ నాకు కొత్త గౌను వేసి, తలకు నూనె పెట్టి రెండు జడలు వేసింది. ఆటో వాకిట్లో ఆగగానే వాడకట్టు పిల్లలంతా మూగారు. నేను సిగ్గుపడి దర్వాజ పక్కన నిలబడ్డాను. బాపు ఆటో దిగి, పిల్లలందరినీ ఒకసారి చూసి, మా పెద్దబాపు కూతుర్ని ఎత్తుకున్నాడు. నాకంటే ఒక ఏడు పెద్దది, బొద్దుగా ఉండేది. దాని తల వాసన చూసి, నా బిడ్డ ఎంత ఎదిగిందని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అందరూ గొల్లుమన్నారు. నాయనమ్మ నవ్వుతూ ఆయన్ని నా వైపు తిప్పేసరికి నేను వడ్లగుమ్మి వెనక్కి పోయి దాక్కున్నాను. ఆ లీవంతా బాపు బిస్కెట్లు, రంగు పెన్సిళ్ళు పట్టుకుని నా వెనక తిరిగాడు. తీసుకునేదాన్ని, కానీ నోరు విప్పేదాన్ని కాదు. ఆ ముచ్చటను మా ఇంట్లో పెళ్ళిళ్ళల్లో, పేరంటాల్లో చెప్పుకుని నవ్వేవాళ్ళు. నవ్వినప్పుడల్లా నేను అక్కణ్ణుంచి లేచి పోయేదాన్ని.

నాకు ఎనిమిదో ఏడు నడుస్తుండగా కంపెనీ బాపుకు ఫ్యామిలీ క్వార్టర్ ఇచ్చింది. అమ్మా నేనూ వచ్చాం. విమానం దిగినప్పటినుంచీ ఇదేనా దుబాయి అని అమ్మను గుచ్చిగుచ్చి అడిగాను. ముందు నడుస్తున్న బాపు వెనక్కి తిరిగి, ఇది ఖతర్ అని, దుబాయి వేరే అని నెమ్మదిగా చెప్పాడు. అయితే ఇన్నాళ్ళూ ఊళ్ళో అందరికీ అబద్ధం చెప్పానా అని నాకు బెంగ పట్టుకుంది.

అప్పట్లో మెసయీద్‌ను ఉమ్ సయీద్ అనేవారు. ఒక పక్క సముద్రం, ఒక పక్క ఇసుక, మధ్యలో ప్లాంట్లు, వాటి పక్కన మా క్వార్టర్లు. బాపు ఎరువుల ప్లాంటులో ఆపరేటరు. గాలి అటునుంచి వీస్తే అమ్మోనియా వాసన ముక్కును పొడిచేది. బాపు బట్టల్లోనూ అదే వాసన. నాకు ఆయన వాసనంటే అదే. ప్లాంటుకు ఒక ఎత్తైన గొట్టం ఉండేది, దాని కొసన రాత్రీ పగలూ మంట. ఊరంతటికీ అదే ఆనవాలు.

ఆ ఇల్లు బాపుది. అమ్మా నేనూ చుట్టాల్లా ఉండేవాళ్ళం. ఆయన నైట్ డ్యూటీ చేసొచ్చి పగలు పడుకుంటే మేము గిన్నె చప్పుడు కాకుండా మసిలేవాళ్ళం. ఏళ్ళతరబడి ఒంటరిగా వండుకున్న మనిషి కాబట్టి ఉల్లిగడ్డ ఎక్కడుందో, ఉప్పు ఎక్కడుందో అమ్మకు ఆయనే చూపించాలి. ఒక్కోరోజు డ్యూటీకి పోయేముందు పప్పుచారు చేసి, ఖుబూస్ రొట్టెలు వేడిచేసి గుడ్డలో చుట్టి పెట్టి పోయేవాడు. అదే ఆయన మాట్లాడటం.

అమ్మ గుమ్మంలో నిలబడి రోడ్డు వైపు చూస్తుండేది. మా పల్లెలో ఆ దారిన పోయే ఎవరైనా తిన్నవా, ఏం కూర అని అడగకుండా కదలరు. ఇక్కడ కార్లు మాత్రం పోయేవి. నెల తిరగకముందే అమ్మ మాట్లాడటం తగ్గించింది. వంటిల్లు, మంచం, గుమ్మం. నాకు తల దువ్వుతూ దువ్వుతూ మధ్యలో దువ్వెన ఆపి ఎటో చూసేది. ఇంటికి పంపించమని బాపును అడగడం ఒకసారి నేను విన్నాను. ఆయన బూట్లు వేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

ఇక నేనైతే ఆయన్ని ఏమనీ పిలిచేదాన్ని కాదు. ఏదైనా కావాలంటే ఎదురుగా పోయి నిలబడేదాన్ని. మరీ తప్పకపోతే అమ్మ పిలిచినట్టే పిలిచేదాన్ని. మా దిక్కు ఆడవాళ్ళు మొగుణ్ణి పేరుపెట్టి పిలవరు కదా. "ఇగో, ఇంటున్నవా" అంటుంది అమ్మ. నేనూ అలాగే "ఇగో" అనేదాన్ని. అమ్మకు నవ్వొచ్చేది. బాపు మాత్రం ఎప్పుడూ నవ్వలేదు.

ఒక శుక్రవారం పొద్దున తలుపు చప్పుడైంది. తీస్తే ఒక తెల్ల ముసలమ్మ. పొట్టి జుట్టు, గడ్డి టోపీ, చేతిలో కర్ర, కాళ్ళకు మగవాళ్ళ బూట్లు. రోడ్డుకు అవతలి వరసలో పెద్ద ఉద్యోగుల ఇళ్ళుండేవి, అక్కణ్ణుంచి వచ్చింది. అమ్మ కొంగు సర్దుకుని ఏం చేయాలో తోచక నిలబడింది. ముసలమ్మ తన అరచేతి మీద రెండు వేళ్ళతో నడిచి చూపించింది. తర్వాత అమ్మ వైపు, నా వైపు వేలు చూపించింది.

బాపు కంగారుగా చొక్కా వేసుకుంటూ వచ్చి ఇంగ్లీషులో మాట్లాడాడు. ఆమె వాళ్ళ ప్లాంటు పెద్ద ఇంజనీరు భార్య. ప్రతి శుక్రవారం భార్యాభర్తలు నడకకు పోతారట, మమ్మల్ని రమ్మంటోంది.

"పని లేకుంట ఉత్తగ ఎందుకు నడుసుడు?" అంది అమ్మ.

అమ్మ అడిగిందాంట్లో తప్పేమీ లేదు. మా ఊళ్ళో నడకంటే చేనుకో, బావికో, అంగడికో. ఊరికే నడిచేవాణ్ణి చూస్తే ఏం పోయిందిరా అని అడుగుతారు. బాపు మాత్రం, పెద్దసారు భార్య గుమ్మంలోకి వచ్చి పిలిస్తే పోకపోతే బాగుండదన్నాడు. అలా మర్యాద కోసం బయల్దేరాం. అమ్మ చీర, హవాయి చెప్పులు. బాపు ఇస్త్రీ ప్యాంటు. నేను ఆ ముసలమ్మ చెయ్యి పట్టుకుని ముందు నడిచాను. అప్పటికే ఆమెకు తెల్లవ్వ అని పేరు పెట్టేశాను. ఆమె భర్త టోపీ పెట్టుకుని ఈల వేసుకుంటూ వెనక వచ్చేవాడు.

తెల్లవ్వ నడకకు కొన్ని పద్ధతులుండేవి. అందరిలోకీ చిన్న అడుగు ఎవరిదో వాళ్ళ వెంట అందరూ నడవాలి. ఏదైనా కనిపిస్తే ఆగి చూడాలి, చూసింది మిగతావాళ్ళకు చెప్పాలి. చివర టీ తాగకుండా ఎవరూ ఇంటికి పోకూడదు. తన ఊళ్ళో తన పిల్లల్ని ఇలాగే తిప్పిందట. అక్కడ వాగులు, చెట్లు, ఆవులు. ఇక్కడేమో ఉప్పు పేరుకున్న తెల్లటి నేల, గులకరాళ్ళు, దూరంగా సముద్రపు నీలిగీత. అయినా ఆమె అక్కడి నడకనే ఇక్కడ నడిచేది. దారికి అడ్డంగా ఒక పాత పైపు ఉండేది. దాన్ని ఎక్కి దిగేటప్పుడు, ఇది మా ఊళ్ళో కంచె దాటే మెట్టు అనేది. వాళ్ళ ఊరి చర్చి గోపురం ఎంత దూరం పోయినా కనిపిస్తుందట, దాన్ని చూసుకుంటూ పిల్లలు కూడా తప్పిపోకుండా ఇల్లు చేరతారట. ఇక్కడ మనకు అది, అంటూ గొట్టం మీది మంటను కర్రతో చూపించింది.

ఇదంతా ఆమె ఇంగ్లీషులో చెప్తే బాపు అమ్మకు తెలుగులో చెప్పేవాడు. ఆ నడకల్లో నాకు అన్నిటికంటే వింతగా తోచింది అదే. ఇంట్లో నాలుగు మాటలకు మించి మాట్లాడని మనిషి, తెల్లవ్వ మాటల్ని మోసుకొచ్చి అమ్మ ముందు పెడుతూ, గంటసేపు ఆగకుండా మాట్లాడేవాడు. శనివారం శనివారం వాళ్ళ ఊళ్ళో అంగడి అవుతుందట. వెన్నముద్దలు, కోళ్ళు, బుట్టలు, పందిపిల్లలు కూడా అమ్ముతారట. పల్లెల నుంచి వచ్చినవాళ్ళు బేరాలయ్యాక గుంపులుగా పొలాలకు అడ్డంపడి ఇళ్ళకు పోతారట.

"గట్లయితె మా అంగడి లెక్కనే" అంది అమ్మ.

బాపు ఆ మాట ఇంగ్లీషులో చెప్పాడు. తెల్లవ్వ ఆగిపోయి, మీ అంగడి సంగతి చెప్పమంది. అమ్మ చెప్పడం మొదలుపెట్టింది. చింతచెట్ల కింద మిరపకాయల కుప్పలు, గాజులవాళ్ళు, పుట్నాలు పేలాలు, తిరిగొచ్చేటప్పుడు కల్లుకు ఆగిపోయే మగవాళ్ళు. బాపు నవ్వుకుంటూ తర్జుమా చేశాడు. ఖతర్ వచ్చాక అమ్మ అంతసేపు మాట్లాడింది అదే మొదటిసారి. ఇంటికొచ్చాక, వచ్చే శుక్రవారం సర్వప్ప చేసి పట్టుకుపోదామా అని బాపును తనే అడిగింది.

ఆ తర్వాత శుక్రవారం వస్తుందంటే గురువారం సాయంత్రమే మా ఇంట్లో నువ్వులు వేగే వాసన. బియ్యప్పిండిలో నువ్వులు, శనగపప్పు, కరివేపాకు కలిపి గిన్నెకు ఒత్తి కాల్చే సర్వప్పను తెల్లవ్వ నోరు మండుతున్నా వదిలేది కాదు. ఆమె తెచ్చేది ఎండుద్రాక్ష వేసిన కేకు, ఉడికించిన కోడిగుడ్డు మెదిపి పెట్టిన రొట్టెలు, ఫ్లాస్కులో టీ. అమ్మకు ఎక్కణ్ణుంచో గుడ్డబూట్లు తెచ్చి తొడిగించింది. చీర కింద తెల్ల బూట్లతో అమ్మ మొదట రెండు మూడు అడుగులు బాతులా వేసి, తర్వాత మా అందరికంటే ముందు నడిచింది.

నా అల్లరి నాకుండేది. ఉప్పునేల పైపొర పలుకుపలుకుగా లేచేది. ఎవరూ చూడనప్పుడు నాకి, నాలుక మండితే కేకు తినేదాన్ని. ఒకసారి పిడికెడు పలుకులు బాపు టీలో వేశాను. ఆయన ఒక గుక్క తాగి, కప్పులోకి చూసి, నా వైపు చూసి, మిగతాదంతా మెల్లగా తాగేశాడు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. తిడితే బాగుండేది. ఆ రోజంతా ఆయనకు దూరందూరంగా నడిచాను.

ఒక వారం వాన పడింది. రెండు వారాలు తిరిగేసరికి ఇసుకమీద పచ్చని నూగులాగా గడ్డి మొలిచింది. ఎక్కణ్ణుంచో ఒక అరబ్బు తాత మేకలు తోలుకొచ్చాడు. మేకల్ని చూడగానే అమ్మ మమ్మల్నందర్నీ మరిచిపోయింది. కొత్తగా పుట్టిన పిల్లను ఎత్తుకుని మూతి తుడిచింది. ఈనిన మేక కుంటుతుంటే కాలు పట్టుకుని చూసి, గిట్టలో ఇరుక్కున్న రాయి తీసింది. తాత అరబ్బీలో ఏదో అన్నాడు, అమ్మ తెలుగులో బదులు చెప్పింది. ఇద్దరూ చాలాసేపు అలాగే మాట్లాడుకున్నారు. బాపు తర్జుమా చేయబోతే తెల్లవ్వ ఆయన భుజం మీద చెయ్యేసి ఆపింది. ఆ రోజు నుంచి అమ్మ ఇంటికి పంపించమని అడగడం మానేసిందనుకుంటాను. కొద్దిరోజులకు నీకు తమ్ముడో చెల్లెలో పుట్టబోతోందని నాకు చెప్పింది.

అందుకే ఆ పొగమంచు శుక్రవారం అమ్మ మాతో రాలేదు. పొద్దున్నే వాంతులు. మీరు పోయి రండి, దాన్ని తోలుకపోండి అంది. బయల్దేరేటప్పుడు మంచు పలచగా ఉంది. ఎండ ఎక్కితే పోతుందిలే అని తెల్లవ్వ భర్త అన్నాడు. చలికాలం ఇక్కడ మంచు మామూలే. పైపు దాటి, సముద్రం వైపు ఉప్పునేల అంచు దాకా పోయాం. నేను తెల్లవ్వ చెయ్యే పట్టుకున్నాను. బాపు ఫ్లాస్కు సంచి మోసుకుంటూ వెనక వస్తున్నాడు. తెల్లవ్వ బూటు తాడు ఊడితే వంగి కట్టుకోవడానికి నా చెయ్యి వదిలింది. ఎదురుగా నీళ్ళ పిట్ట ఒకటి తుర్రుతుర్రుమని పరిగెత్తి ఆగుతోంది. దాని వెంట పోయాను. అది ఎగిరిపోయాక వెనక్కి తిరిగితే ఎవరూ లేరు. నేలా ఆకాశమూ ఒకటే తెలుపు. నా కాళ్ళు నాకే సరిగా కనిపించలేదు. గొట్టం మీది మంట కోసం చూశాను. అదీ లేదు.

ఆ ఉప్పునేలలో అక్కడక్కడా పైపొర కింద బురద ఉంటుందని, ఒకసారి లారీ చక్రాల దాకా దిగబడిందని పెద్దవాళ్ళు అనుకోవడం విన్నాను. ఒక అడుగు వేస్తే కాలి కింద పొర విరిగి చెప్పు దిగబడింది. అమ్మా అని అరిచాను. అమ్మ ఇంట్లో ఉందని తెలుసు, అయినా నాకు పిలవడం వచ్చిన మనిషి అమ్మే. తెల్లవ్వా అని అరిచాను. ఆమె గొంతు అన్ని వైపులనుంచీ వచ్చింది, ఎటుపోవాలో తెలియలేదు. అప్పుడు బాపు గొంతు వినబడింది.

"బిడ్డా, ఆడనే నిలవడు. ఒక్క అడుగు గూడ ఎయ్యకు."

బదులు పలకాలి. ఏమని పలకాలో నోటికి రాలేదు. "ఇగో" అన్నాను ఏడుస్తూ. "ఇగో, నేనీడ ఉన్న."

"మాట్లాడుకుంట ఉండు. నీ మాట పట్టుకోని నేనొస్త."

"ఏం మాట్లాడాలె?"

"ఏదన్న చెప్పు. ఇంటికాడి ముచ్చట్లు చెప్పు. ఆపకు."

మొదట ఏడుపులోనే చెప్పాను. ఊడిన పన్ను గూన పెంకుల మీదికి విసిరితే కాకి ఎత్తుకుపోయిందని చెప్పాను. బడిలో సారు బెత్తం దాచినందుకు ఎండలో నిలబెట్టాడని చెప్పాను. నాకు అమ్మవారు పోసినప్పుడు వేపమండల మీద పడుకోబెట్టారని, ఒళ్ళంతా మంటగా ఉంటే నాయనమ్మ ఊదుతూ కూర్చుందని, నాలుగు మాటలకొకసారి "ఇంటున్నవా" అని అడుగుతూ చెప్పాను. ఇంటున్న, చెప్పు చెప్పు అని మంచులోంచి బదులొచ్చేది, ప్రతిసారీ కొంచెం దగ్గరగా. చెప్పేకొద్దీ భయం తగ్గింది. ఏడుపు ఆగింది. విమానాలకు చేతులు ఊపిన సంగతి చెప్పాను. నీకు బాపు లేడని బడిలో పోరగాళ్ళు అన్నారని, ఒకణ్ణి కొరికానని చెప్పాను. అంతకుముందు ఎవరికీ చెప్పనివి కూడా వాటంతట అవే వచ్చేశాయి.

"నువ్వొచ్చిననాడు అక్కను ఎత్తుకున్నవ్" అన్నాను. "నేను దర్వాజ కాడ్నే ఉన్న. కొత్త గౌను ఏసుకొని ఉన్న."

బదులు రాలేదు. ఇంటున్నవా అని అడిగాను. రాలేదు. దూరంగా తెల్లవ్వ పిలుస్తోంది. నేను మాట ఆపితే ఆయన దారి తప్పుతాడని భయం వేసి, గబగబా మళ్ళీ చెప్పడం మొదలుపెట్టాను. గుమ్మి వెనక దాక్కున్నప్పుడు చీమలు కుట్టాయని, బిస్కెట్లు తినకుండా దాస్తే ఎలుకలు తిన్నాయని, ఆయన తిరిగి పోయేనాడు బస్సు వెనక మూలమలుపు దాకా పరిగెత్తానని, ఆయన చూడలేదని చెప్పాను. చెప్పడానికి ఇంకేమీ లేక ఊరుకున్నాను.

"ఇంటున్న బిడ్డా" అన్నాడు. ఆ మాట నా పక్కనే వినబడింది.

మంచులోంచి వచ్చి నా ముందు గొంతుక్కూర్చున్నాడు. చొక్కా, జుట్టు, మొహం అంతా తడి. నా తల మీద చెయ్యి పెట్టాడు. తర్వాత నన్ను వీపున ఎక్కించుకుని, మంచు విడిచేదాకా కదలకుండా నిలబడ్డాడు. అమ్మోనియా వాసన వేస్తున్న ఆ మెడ చుట్టూ చేతులు వేసి నేను నిద్రపోయానట. లేచేసరికి తెల్లవ్వ నా పాదాలు తన శాలువాతో తుడుస్తోంది. ఆ రోజు టీ ఎవరూ తాగలేదు.

ఆయన్ని బాపు అని పిలవడం ఏనాడు మొదలుపెట్టానో నాకు గుర్తులేదు. అమ్మకూ గుర్తులేదు. తమ్ముడు పుట్టేసరికి మాత్రం, బాపూ వీడు చూడు అని ఇల్లంతా దద్దరిల్లేలా అరిచేదాన్నట.

ఎండలు ముదరకముందే తెల్లవ్వ భర్త రిటైరయ్యాడు. వెళ్ళేముందు తెల్లవ్వ వచ్చి అమ్మను కావలించుకుంది. మా ఊరికి రండి, బాటలన్నీ నేనే తిప్పుతానంది. మా ఊరికి రా, అంగడి చూపిస్త అంది అమ్మ. బాపు రెండు మాటల్నీ అటూ ఇటూ చేర్చాడు. ఎవరూ ఎక్కడికీ పోలేదు. కొన్నాళ్ళు కొత్తసంవత్సరానికి కార్డు వచ్చేది, తర్వాత అదీ రాలేదు. మరుసటి చలికాలం మేము ముగ్గురం, అమ్మ చంకలో తమ్ముడితో కలిసి నలుగురం, అదే దారిన నడిచాం. అందరిలోకీ చిన్న అడుగు ఇంకా నాదే. తర్వాత చదువుల కోసం అమ్మా మేమూ ఊరికి తిరిగి వచ్చేశాం. బాపు మళ్ళీ ఒంటరిగా వండుకున్నాడు. కానీ ఆ తర్వాత ఆయన లీవు మీద దిగినప్పుడు నేను దర్వాజ దగ్గర నిలబడలేదు. బస్టాండు దాకా ఎదురుపోయేదాన్ని.

ఆ క్వార్టర్లు ఇప్పుడు లేవు. మేము నడిచిన ఉప్పునేల చాలావరకు కంచెల లోపలికి పోయింది. నర్సుగా వచ్చిన కొత్తలో ఒకసారి వెళ్ళి చూశాను. పైపు ఎక్కడుండేదో కూడా పోల్చుకోలేకపోయాను.

ఆ ఉద్యోగానికి ఖతర్ బయల్దేరే ముందు రోజు సంగతి ఒకటుంది. బాపు పోయి అప్పటికి ఏడాది. నా భర్తకు ఊళ్ళో పని, నా కూతురు ఇంకా చిన్నది, దాన్ని అమ్మ దగ్గర వదిలి పోవాలి. సూట్‌కేసు సర్దుతూ సర్దుతూ ఏడుస్తుంటే అమ్మ పక్కన కూర్చుని ఆ మంచు పొద్దుటి సంగతి ఎత్తింది. బాపు తనకు ఆ రోజే చెప్పాడట, నాకు చెప్పొద్దన్నాడట.

"నీ మాట ఇనుకుంట నీ దగ్గరిదాక వచ్చిండట. నీ గౌను మసకమసకగ కనవడ్డదట. చెయ్యి చాపబోయిండట. గప్పుడే నువ్వు గా అక్క ముచ్చట చెప్పినవట. చెయ్యి గుంజుకోని ఆడనే నిలవడ్డడట."

 అంత దగ్గర ఉండి, నేను పిలుస్తుంటే ఎందుకు పలకలేదని అడిగాను.

"ఇంక ఏమన్న మిగిలి ఉన్నయేమో, చెప్పుకోని అనుకున్నడట."

దోహా వచ్చాక శుక్రవారం శుక్రవారం డ్యూటీ దిగి ఇంటికి ఫోన్ చేసేదాన్ని. మొదట్లో నా కూతురు ఫోన్ దగ్గరికి వచ్చేది కాదు. వచ్చాక అన్నీ ఫిర్యాదులే. బడి పండక్కి అందరి అమ్మలూ వచ్చారు, నువ్వు రాలేదు. జ్వరమొస్తే నువ్వు లేవు. జడ అమ్మమ్మ సరిగ్గా వేయదు. లీవు ఇవ్వరని, నీకోసమే ఇక్కడున్నానని చెప్పుకోవాలని ప్రతిసారీ నోటిదాకా వచ్చేది. మింగేసి, ఇంకా చెప్పు అనేదాన్ని. చెప్పేది. నేను వినేదాన్ని. ఒక శుక్రవారం అలాగే అన్నీ చెప్పి, కాసేపు ఊరుకుంది. లైను తెగిందేమోననుకున్నాను.

"ఇగ అయిపోయినయ్" అంది. "ఇప్పుడు నువ్వు చెప్పు."